దీర్ఘాన్ని ఎత్తుకెళ్ళిన దొంగ

పన్నెండుంపావుకి సార్టరు మెట్లెక్కి వచ్చాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి మూడంతస్తులు ఎక్కి, ఆయాసం తీరకముందే అడిగింది మంచినీళ్ళనుకుంటున్నారేమో. పదకొండు తెల్లచీటీలు అడిగాడు.

దొంగకార్డులతో లెన్సులు పోయిన పదకొండు అడ్రసులూ చీటీకొకటి రాసిమ్మంటే మేనకోడలు రాసిచ్చింది. ఆ దుకాణం ఆమెదే, కెమెరా లెన్సులు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. ఆమె ఎవరికి మేనకోడలంటే, పక్కగదిలో ఆర్డర్లు పరీక్షించే పెద్దావిడకి. అనుమానం తగిలిన ఆర్డరు మీదల్లా ‘ఆగు’ అని రాసి నిలబెట్టేస్తుందని ఆ పెద్దావిడని దుకాణమంతా ఆగత్తయ్య అంటుంది. ఆ పేరు పెట్టినవాడు మేనకోడలి తమ్ముడు.

ఆ ఆగత్తయ్య దొంగ అని సాయంత్రం నాలుగులోగా మేనకోడలు సంతకం పెట్టాలి. కాగితం బల్ల మీద ఉంది. కాగితం పక్కన మూత తీసిన పెన్ను, పెన్ను పక్కన బ్యాంకాయన. సంతకం పెట్టకపోతే రేపటినుంచి ఆ దుకాణానికి కార్డు చెల్లింపులు బంద్. కార్డులు తీసుకోని ఆన్‌లైన్ దుకాణం గోడల్లేని తలుపులాంటిది, ఎంత బార్లా తీసినా లోపలికి అడుగుపెట్టే చోటుండదు. సంతకం పెడితే, తల్లి పోయాక తననీ తమ్ముడినీ పెంచిన మనిషిని పోలీసులకి అప్పగించినట్టు. పొద్దుటినుంచి మేనకోడలు ఆ పెన్ను వైపు చూడకుండా ఉండడానికి గోడలన్నీ చూసేసింది.

సార్టరు గురించి ఊళ్ళో చాలా చెప్పుకుంటారు. పోస్టాఫీసులో నలభై ఏళ్ళు ఉత్తరాలు వేరుచేశాడట. నిద్రలో కూడా చెయ్యి ఆగేది కాదట, కళ్ళు మూసుకుని విసిరిన కవరు ఏ అరలో పడాలో ఆ అరలోనే పడేదట. ‘నీలం కిటికీ ఇంట్లో ఉండే మా అక్కకి’ అని మాత్రమే రాసున్న ఉత్తరాన్ని రెండురోజుల్లో చేర్పించాడట, ఆ అక్క ఇల్లు మారి కిటికీకి పచ్చరంగు వేయించుకున్నా సరే. ఇందులో సగం కోతలే అయినా మిగతా సగం చాలు. రిటైరయ్యాక దొంగల్ని కూడా ఉత్తరాల్లాగే వేరుచేస్తున్నాడు.

చీటీలు చేతికి రాగానే సార్టరు బల్ల మీద పేకముక్కల్లా పంచడం మొదలుపెట్టాడు. ఎన్ని కుప్పలవుతాయా అని బ్యాంకాయన మెడ చాచాడు. ఒక్కటే కుప్ప అయింది.

పేర్లు పదకొండు, వీధులు తొమ్మిది. కానీ ఒకే పోస్ట్‌మాన్, ఒకే పొద్దున, ఒకే సంచీతో నడిచే దారి అది అని తేల్చాడు సార్టరు. పదకొండుమంది కొనలేదు, ఒక్కడే కొన్నాడు. వాడు ఆ దారిలోనే ఎక్కడో కూర్చుని, పార్సిల్ తెచ్చినవాడికి వీధి మొదట్లోనే ఎదురెళ్ళి తీసుకుంటున్నాడు.

“అటువైపు నీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అమ్మా?”

మేనకోడలి చూపు ఏడో చీటీ మీద పడింది. పోయిన నెల ఆ వీధి మలుపులోనే రిక్షా ఆపించి, టేబుల్ ఫ్యాను చంకలో పెట్టుకుని రెండంతస్తులు ఎక్కింది.

“ఎవరూ లేరండి,” అంది.

ఆ రోజు ఆమె ఆడిన మొదటి అబద్ధం అదే. ఒక అడ్రసు చదవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు సార్టరు ఆమె మొహంలోకి చూసి, చీటీలు జేబులో వేసుకున్నాడు.

తర్వాత డబ్బు దారి చెప్పమన్నాడు. బ్యాంకాయన చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, ఆగత్తయ్యనే చెప్పమన్నాడు. ఆవిడ చిన్నపిల్లలకి చెప్పినట్టు విడమరిచి చెప్పింది. కార్డు డబ్బు రెండు అంగల్లో వస్తుంది. కొనేవాడు బటన్ నొక్కగానే బ్యాంకు ఆ డబ్బు చుట్టూ సుద్దముక్కతో గీత గీసినట్టు గీసి, కదలకు అంటుంది. దాన్ని హోల్డ్ అంటారు. ఇంకా అది కొనేవాడి డబ్బే, కానీ వాడు ముట్టుకోలేడు. దుకాణం వైపునుంచి వసూలు అనే రెండో బటన్ పడితేనే అది గీత దాటుతుంది. ఏడు రోజులు ఎవరూ నొక్కకపోతే గీత దానంతటదే చెరిగిపోతుంది, ఎవరికీ ఏ నష్టమూ లేదు. గీత దాటాక మాత్రం చిక్కే. దొంగకార్డని అసలువాడు గగ్గోలు పెడితే బ్యాంకు డబ్బు వెనక్కి లాక్కుంటుంది, పైన జరిమానా వేస్తుంది, లెన్సు ఎలాగూ తిరిగిరాదు. అందుకే ఆవిడ పని ఆ రెండు అంగల మధ్య కాపలా.

రోజుకి రెండొందల ఆర్డర్లు కాబట్టి వసూలు మనుషులు నొక్కరు. మధ్యాహ్నం సరిగ్గా రెండింటికి యంత్రమే నొక్కుతుంది. ‘ఆగు’ అని రాసున్నవాటిని వదిలేస్తుంది, మిగతావాటికన్నిటికీ డబ్బు తీసుకుంటుంది. మూడున్నరకి పార్సిళ్ళ వ్యాను వస్తుంది. ఆ ఏర్పాటంతా మేనల్లుడే చేసిపెట్టాడని, వాడు ఆరువారాల కిందట సొంతకాళ్ళ మీద నిలబడతానని వెళ్ళిపోయాడని, బంగారంలాంటి కుర్రాడని ఆగత్తయ్య చెప్పింది. మేనకోడలు గ్లాసులో నీళ్ళు ఒంపుకుని తాగకుండా పక్కన పెట్టింది.

సంగతేమిటంటే, అయిదువారాలుగా పదకొండు ఆర్డర్లు ఆగత్తయ్య ఆపినా ఆగలేదు. వసూలయిపోయాయి, లెన్సులు వెళ్ళిపోయాయి. పదకొండూ దొంగకార్డులే, పదకొండూ ఒకే లెన్సు, దుకాణంలోకెల్లా ఖరీదైనది. ఇవాళ పొద్దున్నే పన్నెండోది వచ్చింది. అదీ ఆ లెన్సే.

“దీన్నెందుకు ఆపావు చెల్లెమ్మా?”

ఆగత్తయ్య తెర మీద వేలుపెట్టి చూపించింది. కార్డు ఒక ఊరిది, పార్సిల్ ఇంకో ఊరికి. ఈ-మెయిల్ నిన్న పుట్టింది. నాలుగు కార్డుల నెంబర్లు కొడితే పనిచెయ్యక అయిదోది పనిచేసింది. ఎంతయినా ఫరవాలేదు, రేపటికల్లా పంపండి అని రాశాడు. ఇవన్నీ యంత్రం కూడా చెబుతుంది. యంత్రం చెప్పనిది ఇంకొకటి ఉంది. ఆవిడ ఫోన్ చేసి, బాబూ నీ కెమెరా ఏది, ఈ లెన్సు దానికి పడుతుందో లేదో చూసి పంపుతాను అంది. అవతలివాడు, పోల్చుకోలేని బొంగురు గొంతుతో, పెళ్ళిపీటల మీద పెళ్ళికూతురి పేరు మర్చిపోయిన వాడిలా తడుముకుని ఫోన్ పెట్టేశాడు.

“నలభై ఏళ్ళు నేను అడ్రసులే చదివాను. నువ్వు అడ్రసు వెనకున్న మనిషిని చదువుతున్నావు,” అన్నాడు సార్టరు. ఆయన నోటివెంట మెప్పు అంత సులువుగా రాదని తెలిసిన మేనకోడలు అత్తయ్య వైపు తిరిగి చూసింది. తన అత్తయ్య ఏళ్ళతరబడి ఆ గదిలో కూర్చుని ఏం చేస్తోందో యజమానురాలై ఉండి తనెప్పుడూ ఇంత దగ్గరగా చూడలేదు.

బ్యాంకాయనకి ఈ సన్మానం నచ్చలేదు. ఆయనేమీ తెలివితక్కువవాడు కాదు, చేతిలో లెక్క ఉంది. ఫైలు తెరిచి చదివాడు. పదకొండు ఆర్డర్లనీ పొద్దున ఈవిడ ఆపినమాట నిజం. కానీ అదే రోజుల్లో మధ్యాహ్నం ఒంటిగంట నలభైకీ యాభైకీ మధ్య మళ్ళీ ఎవరో వాటిని ముట్టుకున్నారు. ఈ కంప్యూటరునుంచే, ఈవిడ పాస్‌వర్డుతోనే. ఆ సమయంలో ప్యాకింగ్ గదిలో కూర్చుని కొనేవాళ్ళకి ఫోన్లు చేస్తుంటానని ఈవిడ అంటోంది, కానీ ప్యాకింగ్ వాళ్ళు భోజనానికి వెళ్ళే వేళ అది. చూసినవాళ్ళు లేరు.

“పొద్దున తాళం వేసి, మధ్యాహ్నం తనే తీసింది. ఇందులో వేరుచెయ్యడానికి ఏముంది పెద్దాయనా?”

“తీస్తే ‘ఆగు’ అన్న గుర్తు పోవాలి కదా. మీ కాగితాల్లో ఉందా, పోయిందా?”

“ఉంది. అదే చిత్రం. తీసి, వసూలయ్యాక మళ్ళీ పెట్టుంటుంది.”

“మళ్ళీ పెట్టినట్టు టైము ఉందా?”

బ్యాంకాయన కాగితాలు తిప్పాడు. లేదు. ఒక్కసారే ముట్టుకున్నారు.

సార్టరు ఆ కాగితాలు అడిగి తీసుకున్నాడు. బ్యాంకువాళ్ళు కాగితం పొదుపుచేద్దామని పదకొండు ఆర్డర్లనీ రెండు పేజీల్లో కుక్కి అచ్చువేశారు. అక్షరాలు చీమ తలకాయల్లా ఉన్నాయి. భూతద్దం ఉందా అని అడిగాడు. లెన్సుల దుకాణంలో ఆ మాట అడిగినందుకు అంతటి సమయంలోనూ మేనకోడలికి నవ్వొచ్చి, అలమారలోంచి ఒక లెన్సు తీసి తిరగేసి ఇచ్చింది. దాన్ని కంటికి ఆనించుకుని సార్టరు కాగితం మీదకి వంగాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు. నడుం పట్టేసిందేమోనని మేనకోడలు కంగారుపడింది.

లేచి, లెన్సు బ్యాంకాయన చేతికిచ్చాడు.

“మొదటి అక్షరం చదవండి.”

“ఆ.”

“తోక ఉందా?”

బ్యాంకాయన మళ్ళీ చూశాడు. ఈసారి ఆయనకి నడుం పట్టేసింది.

అక్కడున్నది ‘ఆగు’ కాదు. ‘అగు’. పదకొండింటి మీదా ‘అగు’. ఎవరో వచ్చి గుర్తుని చెరపలేదు, తీసెయ్యలేదు, దీర్ఘం ఒక్కటి కోసుకుపోయారు. మనిషి కంటికి అది ఆగిన ఆర్డరే. యంత్రానికి మాత్రం చెప్పిన మాట తప్ప ఇంకోటి తెలియదు. ‘ఆగు’ కోసం వెతికింది, కనబడలేదు. పాత పద్యాలు వల్లెవేసిన దానిలా అటులనే అగుగాక అనుకుని డబ్బు వసూలు చేసేసింది.

బ్యాంకాయన తేరుకోవడానికి అరనిమిషం పట్టింది. సరే, అయితే ఇది అచ్చుతప్పు అన్నాడు. రెండు మీటలూ పక్కపక్కనే ఉంటాయి, వయసు మీద పడిన మనిషి, వేలు జారింది. దొంగతనం కాకపోతే నిర్లక్ష్యం. కాగితంలో ఒక మాట మారుతుంది, సంతకం మారదు.

దొంగ అన్నప్పుడు తలవంచుకుని కూర్చున్న ఆగత్తయ్య, అచ్చుతప్పు అనేసరికి కుర్చీలోంచి లేచింది.

“కోర్టులో ఇరవయ్యారేళ్ళు టైపు కొట్టాను. నేనొక్క అక్షరం జార్చితే బయటికి రావాల్సినవాడు జైల్లో ఉండిపోతాడు. ఒక్కడు ఉండిపోయాడేమో కనుక్కుని రండి, అప్పుడు పెడతాను నేనే సంతకం.”

అని మళ్ళీ కూర్చుంది. ఆవిడ మాటకి సార్టరు తనదొకటి చేర్చాడు. జారే వేలికి సరుకు ధర తెలియదు. ఈ అయిదువారాల్లో ఈవిడ ఆపినవి రెండొందల నలభై. జారితే చవక లెన్సు మీదా జారాలి, ఫిల్టరు మీదా జారాలి. పదకొండుసార్లూ ఆ ఒక్క లెన్సు మీదే జారిందంటే అది వేలు కాదు, బుర్ర.

“ఇంతకీ, రెండింటికి ముందు నువ్వు మళ్ళీ ఒకసారి చూసుకోవా?”

చూసుకుంటానంది. రెండుకి పది నిమిషాలుందనగా వచ్చి వరసగా ఆపినవన్నీ చూస్తుంది. కాకపోతే... అని ఆగింది. చెప్పడం సిగ్గనిపించినట్టు కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. అయిదువారాలుగా చూపు ఆనడం లేదు. పొద్దున బాగానే ఉంటుంది, మధ్యాహ్నమయ్యేసరికి తెరమీద అక్షరాలు చిన్నవైపోతున్నాయి. కొత్త కళ్ళజోడు వచ్చింది, పాతది సంచీలోనే ఉంది, ఏది పెట్టుకున్నా అంతే.

సార్టరు గడియారం చూశాడు. ఒంటిగంటా ఇరవై. పన్నెండో ఆర్డరు మీద ‘ఆగు’ నిండు దీర్ఘంతో ఉందని అందరికీ చూపించాడు. ఇంక ఎవరిపని వాళ్ళు రోజూలాగే చేసుకోవాలన్నాడు. ఒంటిగంటన్నరకి ప్యాకింగ్ వాళ్ళు భోజనానికి వెళ్ళారు. ఆగత్తయ్య ప్యాకింగ్ గదిలోకి వెళ్ళి ఫోన్ అందుకుంది, అద్దాల తలుపులోంచి ఆవిడ వీపు కనిపిస్తూనే ఉంది. సార్టరు, మేనకోడలు, బ్యాంకాయన ఆవిడ ఖాళీ కుర్చీ వెనక వరసగా నిలబడ్డారు.

కుర్చీ ముందు కింద ఒక చెక్కపీట ఉంది. నేలకి కాళ్ళు ఆనవని ఆవిడ దాని మీద పాదాలు పెట్టుకుంటుంది. రెండు పాదాల మేరా రంగు అరిగిపోయింది. ఇన్నేళ్ళలో మేనకోడలు ఆ పీటని చూడటం అదే మొదటిసారి.

ఒంటిగంటా నలభై. ఏమీ జరగలేదు. నలభై ఒకటి. తన ఉద్యోగంలో చాలా కాపలాలు కాశాను గానీ ఖాళీ కుర్చీకి కాయడం ఇదే మొదలని బ్యాంకాయన గొణిగాడు. సార్టరు కళ్ళు తెర మీదే ఉన్నాయి. ఉత్తరం వచ్చే వేళ ఆయనకి తెలుసు.

నలభై మూడుకి తెరమీద బాణం గుర్తు కదిలింది.

ఎవరూ ముట్టుకోలేదు. మౌసు బల్ల మీద పడుకునే ఉంది. బాణం మాత్రం బెల్లం వాసన తగిలిన చీమలా నింపాదిగా తెర పక్కకి పాకింది. ముందు అక్షరాలు చిన్నవయ్యాయి. ఒక మెట్టు, ఇంకో మెట్టు, చీమ తలకాయలంత. తర్వాత పన్నెండో ఆర్డరు తెరుచుకుంది. ‘ఆగు’ పక్కన గీత మిణుకుమంది. ‘ఆ’ పోయింది. ‘అ’ వచ్చింది.

బ్యాంకాయన ప్లగ్గు పీకబోయాడు. సార్టరు ఆయన మణికట్టు పట్టుకున్నాడు. డెబ్బై దగ్గరపడుతున్న చెయ్యి అంత గట్టిగా ఉంటుందని బ్యాంకాయన అనుకోలేదు.

“వాడి పని వాణ్ణి ముగించనివ్వండి. సాక్షి మీరే.”

ఆర్డరు మూసుకుంది. బాణం పాకి తన చోటికి వెళ్ళి పడుకుంది. మొత్తం ఒకటిన్నర నిమిషం. అద్దాల వెనక ఆగత్తయ్య ఎవరితోనో, మీ అడ్రసులో ఇంటినెంబరు సరిగ్గా చెప్పండి నాయనా, అంటోంది.

బ్యాంకాయన ఫైల్లో తెల్లకాగితం తీసి టైము రాసుకున్నాడు. ఎవరో దూరంనుంచి ఈ కంప్యూటరుని నడుపుతున్నారు అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు. అందుకే చిట్టాలో అంతా ఇక్కడినుంచే జరిగినట్టు ఉంటుంది. తను కాగితాన్నే నమ్మాడు, కుర్చీని చూడలేదు.

రెండుకి పదినిమిషాలుండగా ఆగత్తయ్య వచ్చి కూర్చుంది. సార్టరు ఏమీ చెప్పవద్దని సైగచేసి, ఆవిడ చేతి సంచీలోంచి పాత కళ్ళజోడు తీసుకోమన్నాడు. తెరమీద అక్షరాలని మేనకోడలు పెద్దవి చేసింది. పెద్దవైన అక్షరాల్లో తోకలేని ‘అ’ని చూడగానే ఆగత్తయ్య మొహంలో, బిడ్డ మెడలో గొలుసు లేకపోవడం గమనించిన తల్లి మొహంలో వచ్చే మార్పు వచ్చింది. ఎవరు, ఎందుకు అని అడగలేదు. పాదాలు పీట మీద సర్దుకుని, వేళ్ళు మీటల మీద పెట్టింది. ఒక్క దెబ్బ. ‘ఆగు’.

రెండయింది. తెర పైనుంచి కిందకి ఆర్డర్లు ఒక్కొక్కటే పచ్చబడుతూ వచ్చాయి. పన్నెండోదాని దగ్గరికొచ్చి, దాన్ని తప్పుకుని, కిందకి వెళ్ళిపోయాయి. బ్యాంకాయన బల్ల దగ్గరకెళ్ళి పెన్నుకి మూత పెట్టాడు. ఆ చిన్న చప్పుడు మేనకోడలికి పొద్దుటినుంచి విన్న మాటలన్నిటికన్నా తియ్యగా వినిపించింది. ఆయన ఆగత్తయ్య వైపు తిరిగి, టైపు గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. ముందు ఆ మాటే తీసుకున్నాడు. ఆవిడ తల ఊపింది.

సార్టరు ఒక స్టూలు లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. గొంతు బాగా తగ్గించాడు.

“ఆ కొత్త కళ్ళజోడు ఎవరు వేయించారు చెల్లెమ్మా?”

“మా మేనల్లుడు. తన డబ్బుతో. నీ చూపు తగ్గుతోంది అత్తయ్యా, ఇంక పెద్ద అక్షరాలు కూడా ఆనవు అని వాడే తీసుకెళ్ళాడు.”

“అక్షరాలు చిన్నవవుతున్నాయని నువ్వు వాడికి చెప్పాకా, చెప్పకముందా?”

ఆగత్తయ్య జవాబు చెప్పబోయి నోరు తెరిచింది. తర్వాత ఒళ్ళో ఉన్న కొత్త కళ్ళజోడు తీసి, అది వేడిగా ఉన్నట్టు, మునివేళ్ళతో బల్ల మీద పెట్టింది.

“ముందే,” అంది.

సార్టరు జేబులోంచి ఒక చీటీ తీసి మేనకోడలి ముందు పెట్టాడు. చూడనక్కర్లేదు, అది ఏడోదే. ఆయనకి మొదటినుంచీ తెలుసు. అయినా ఆమె నోటితో ఆమే చెప్పేదాకా ఆగాడు, ఏ ఉత్తరాన్నీ ఎవరి చేతిలోంచీ లాక్కోని మనిషిలాగే.

“మా తమ్ముడి గది అదే వీధిలో,” అంది మేనకోడలు. “దూరంనుంచి కంప్యూటరు నడిపే ఏర్పాటు కూడా వాడిదే. అత్తయ్యకి ఏదైనా ఇబ్బందొస్తే అక్కడినుంచే సర్దుతానన్నాడు. తీసెయ్యమని నేనే చెప్పలేదు.”

అప్పుడు ఆమె చేతిలో ఫోన్ మోగింది. తెరమీద పేరు అందరికీ కనిపించింది. టైము రెండూ అయిదు.

బ్యాంకాయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. సార్టరు ఎత్తమన్నాడు, అందరికీ వినపడేలా పెట్టమన్నాడు. వాడు గదిలో ఉన్నంతసేపే వాడి దగ్గర ఆ లెన్సులుంటాయి, ఆ కంప్యూటరుంటుంది అని చెవిలో చెప్పి, తన ఫోన్‌లో పోలీసుల నెంబరు నొక్కుకుంటూ వరండాలోకి నడిచాడు.

“అక్కా,” అంది తమ్ముడి గొంతు, ఎప్పటిలాగే గారంగా. “ఏం లేదు, ఊరికే చేశాను. అత్తయ్య చూపు ఎలా ఉంది? ఇవాళ బాగా కనిపిస్తోందా?”

మేనకోడలు అత్తయ్య వైపు చూసింది. ఆవిడ పాత కళ్ళజోడులోంచి నేరుగా ఫోన్ వైపే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా.

“ఇవాళ చాలా బాగా కనిపిస్తోందిరా. నీతో మాట్లాడాలి, అక్కడికే వస్తున్నాం. ఎక్కడికీ వెళ్ళకు.”

అవతల కుర్చీ జరిగిన చప్పుడయింది. ఏదో సొరుగు మూసిన చప్పుడు. తర్వాత బరువైనదేదో నేలమీద ఈడ్చిన చప్పుడు.

“ఇప్పుడు వీలుపడదక్కా, నేను బయల్దేరుతున్నాను.”

ఆగత్తయ్య వంగి ఫోన్ దగ్గరగా నోరు పెట్టింది.

“ఆగు,” అంది. ఆ పేరు తనకి పెట్టిన నోటికి వినిపించేలా, దీర్ఘం రవ్వంత కూడా తగ్గకుండా.

అవతల చప్పుళ్ళన్నీ ఒక్కసారి ఆగాయి.